డీటీఎస్‌కి వెళ్ళొచ్చాక అందరూ నన్ను అడుగుతున్న ప్రశ్నలు

2023 జులై నుంచి డిసెంబరు దాకా నేను దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డీటీఎస్ చేశాను. డీటీఎస్ అంటే డిసైపుల్‌షిప్ ట్రైనింగ్ స్కూల్, మన మాటల్లో శిష్యత్వ శిక్షణ. వైవామ్ అనే క్రైస్తవ సంస్థ నడుపుతుంది. మాది ఒంగోలు దగ్గర ఊరు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి సంఘంలో, చుట్టాలిళ్ళలో, ఆఫీసులో, చివరికి రైల్లో పక్క సీటు ఆంటీతో సహా అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ నా జవాబులు నాకే కంఠతా వచ్చేశాయి. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి రెండు ముక్కలే చెప్పాను, కొన్నిచోట్ల ఆగలేకపోయాను. తోటివాళ్ళ పేర్లు రాయలేదు, రాయొచ్చా అని వాళ్ళని అడగలేదు కనక.

వైవామ్ అంటే ఏమిటి? అది ఏ డినామినేషన్?

యూత్ విత్ ఎ మిషన్. ఆ నాలుగు మాటల పొడి అక్షరాలే వైవామ్. 1960లో లారెన్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు. అంతకు నాలుగేళ్ళ ముందు, తనకి ఇరవై ఏళ్ళప్పుడు, బహామాస్ దీవుల్లో ఒక దర్శనం కలిగిందని ఆయన చెప్పేవాడు. సముద్రపు అలలు ఒడ్డు దాటి ఖండాల మీదికి వస్తాయట, చూస్తుండగానే ఆ అలలు కుర్రకారుగా మారతాయట. 1969లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో మొదటి శిక్షణ స్కూలు పెట్టారు. ఇప్పటి డీటీఎస్‌కి మూలం అదే. మేం ఔట్‌రీచ్‌లో, అంటే క్లాసులయ్యాక బయటికెళ్ళి చేసే పరిచర్యలో ఉండగా, 2023 అక్టోబరులో, ఆయన చనిపోయాడని కబురొచ్చింది. ఆ రాత్రి కరెంటు కోత. ఫోన్ లైట్లు వేసుకుని ప్రార్థన చేసుకున్నాం.

డినామినేషన్, అంటే ఫలానా క్రైస్తవ శాఖ, అంటూ లేదు. మా బ్యాచ్‌లో లూథరన్లు, పెంతెకొస్తువాళ్ళు, డచ్ రిఫార్మ్‌డ్ సంఘం వాళ్ళు, ఏ సంఘానికీ వెళ్ళని ఒకబ్బాయి, బాప్టిస్టు పిల్లని నేను. పసిపిల్లల బాప్తిస్మం మీద మొదటి వారంలోనే వాదన మొదలైంది. డిసెంబరు దాకా తెగలేదు.

బైబిల్ కాలేజీ లాంటిదా? సర్టిఫికెట్ ఇస్తారా?

బైబిల్ కాలేజీ కాదు. గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర లాంటివి ఉండవు. వైవామ్‌కి యూనివర్సిటీ ఆఫ్ ది నేషన్స్ అని ఒక సంస్థ ఉంది, 1978లో హవాయిలోని కోనాలో మొదలైంది. అందులో మిగతా కోర్సులు చేయాలన్నా, వైవామ్‌లో స్టాఫ్‌గా చేరాలన్నా డీటీఎస్ గడప లాంటిది, దాటి రావాల్సిందే. సర్టిఫికెట్ ఇస్తారు. మన దగ్గర ఉద్యోగానికి మాత్రం దానితో పని లేదు. నా బయోడేటాలో ఆ ఆరు నెలలకి ఎదురుగా ‘కెరీర్ బ్రేక్’ అని రాసి ఉంది.

ఇంతకీ అన్నాళ్ళు ఏం చేస్తారు?

రెండు భాగాలు. మొదటి పన్నెండు వారాలు క్లాసులు, తర్వాత పది వారాలు ఔట్‌రీచ్. కొన్నిచోట్ల ఒకట్రెండు వారాలు అటూ ఇటూ ఉంటుంది. క్లాసుల్లో వారానికొక బోధకుడు, వారానికొక అంశం. దేవుని స్వభావం, ఆయన స్వరం వినడం, క్షమాపణ, మన హక్కులు వదులుకోవడం, సువార్త, మనుషుల మధ్య సంబంధాలు ఇలా సాగుతాయి. పరీక్షలు ఉండవు. దాని బదులు ప్రతి వారం జర్నల్ రాసి ఇవ్వాలి. వారం పొడుగునా విన్నది మనలో ఎక్కడ గుచ్చుకుందో రాయాలి. నోట్సు దించి ఇస్తే తిప్పి పంపేస్తారు. మొదటిసారి నాది తిప్పి పంపారు. డిగ్రీ దాకా నోట్సు దించడంలో నాకు ఫస్టు మార్కులు మరి.

మిగతా రోజంతా బడి హాస్టల్ లాగే. పొద్దున్నే మౌనధ్యానం, టిఫిను, ఆరాధనో విజ్ఞాపన ప్రార్థనో, మధ్యాహ్నం దాకా క్లాసు, భోజనం, ఆ తర్వాత పని. పని అంటే నిజంగా పనే. తోట, బాత్‌రూములు, వంటిల్లు. నాకు వంటింట్లో అంట్ల డ్యూటీ పడింది. వాళ్ళు ‘పాప్’ అని మొక్కజొన్న పిండితో సంకటి చేస్తారు. నలభై మందికి వండే గిన్నె కదా, అడుగున రూపాయి బిళ్ళంత మందాన మాడు పట్టి ఉండేది. రాగి సంకటి గిన్నె తోమినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నానబెడితే తప్ప ఊడదు. నానబెడదామంటే సాయంత్రానికి మళ్ళీ అదే గిన్నె కావాలి.

అక్కడ పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవాలటగా?

ఇది అడిగింది మా పెద్దనాన్న. మీరడిగినప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ పెదనాన్నా, నాకు అక్కడ అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే.

మన సంఘాల్లో పాస్టరుగారు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. అయ్యగారు వస్తే లేచి నిలబడతాం, ఆయనకి వేరే కుర్చీ, వేరే ప్లేటు. నేనూ అలాగే పెరిగాను. అక్కడ మా స్కూల్ లీడర్ యాభై దాటిన ఆవిడ. మొదటి రోజే ‘నన్ను పేరుతో పిలవండి, మేడమ్ వద్దు’ అంది. నాకు నోరు తిరగలేదు. నెల రోజులు ఆవిడ్ని ఏమీ పిలవకుండా, ఆవిడ ఇటు తిరిగేదాకా నిలబడి మాట్లాడేదాన్ని.

ఇబ్బంది నా ఒక్కదానికే అనుకున్నాను. కాదు. దక్షిణాఫ్రికాలోనే ఈస్టర్న్ కేప్ నుంచి వచ్చిన ఖోసా తెగ అమ్మాయి ఒకామె నా గదిలోనే ఉండేది. వాళ్ళకీ పెద్దవాళ్ళ పేరు నోటెంట రాకూడదు. ఖోసాలో అమ్మని, అమ్మ వయసు ఆడవాళ్ళని ‘మామా’ అంటారు, నాన్న వయసువాళ్ళని ‘టాటా’ అంటారు, అక్కని ‘సిసి’ అంటారు. ఆ పిల్ల దర్జాగా లీడర్‌ని ‘మామా’ అని పిలిచేసింది, ఆవిడ పలికింది. ‘నువ్వూ అలా పిలువు’ అంది నాతో. ఒక ఆడమనిషిని పట్టుకుని మామా అని ఎలా పిలవను? పైగా టాటా అంటే నాకు తాత వినపడుతుంది! మా మావయ్య మీసాలు గుర్తొచ్చి నవ్వాగలేదు. చివరికి నేను ఆవిడ్ని ‘అక్కా’ అన్నాను. ఎందుకని అడిగి, తెలుసుకుని, సరే అంది. ఔట్‌రీచ్ అయ్యేనాటికి స్వీడన్ కుర్రాడు కూడా ఆవిడ్ని అక్కా అనే పిలిచేవాడు.

ఇంకో సంగతి. ఒక వారం వచ్చిన బోధకుడు చాలా కలుపుగోలుగా పేరుతో పిలిపించుకునేవాడు, భుజం తట్టేవాడు, తిన్న ప్లేటు మాత్రం టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయేవాడు. మరో వారం డెబ్బై ఏళ్ళాయన వచ్చారు, ఆయన్ని అందరూ ‘పాస్టర్’ అనే పిలిచేవాళ్ళు, ఆయన వద్దనలేదు. మంగళవారం మధ్యాహ్నం నేను ఆ సంకటి గిన్నెతో కుస్తీ పడుతుంటే చొక్కా చేతులు మడిచి పక్కన నిలబడ్డారు. స్టీలు పీచు నా చేతిలోంచి తీసుకుని, ‘ఇది గీకితే రాదు, సోడా వేసి పొయ్యి మీద పెట్టు’ అన్నారు. ఇద్దరం కలిసి ముప్పావు గంట తోమాం. క్షమాపణ మీద ఆయన చెప్పిన క్లాసు సగం మర్చిపోయాను గానీ, సోడా చిట్కా మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

పేరు పెట్టి పిలవగానే సమానమైపోతామని వెళ్ళేముందు అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారన్నది పట్టించుకోను. భోజనాలయ్యాక సింకు దగ్గర ఎవరున్నారో చూస్తాను.

డబ్బు ఎంత అవుతుంది? జీతం ఇస్తారా?

జీతం మాటే లేదు. మనమే కట్టాలి. స్టాఫ్‌కి కూడా జీతాలుండవు, వాళ్ళ సంఘాలూ స్నేహితులూ పంపే దానితోనే బతుకుతారు. అంకె చెప్పను, ఏటేటా మారుతుంది, బేస్‌ని, అంటే వైవామ్ కేంద్రాన్ని బట్టీ మారుతుంది. లెక్క ఎలా వేసుకోవాలో చెప్తాను. క్లాసుల ఫీజు వేరు, ఔట్‌రీచ్ ఫీజు వేరు. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదాన్ని బట్టి ఫీజులో తరగతులుంటాయి, మనలాంటి దేశాలవాళ్ళకి తక్కువ పడుతుంది, ఆ సంగతి అడిగి తెలుసుకోండి. పైన విమానం, వీసా, ఇన్సూరెన్సు, చేతి ఖర్చు. అప్పట్లో ఒక రాండ్, అంటే అక్కడి రూపాయి, మన దాదాపు నాలుగున్నర రూపాయలు. ఇక్కణ్ణించి బ్యాంకు ద్వారా పంపడానికి ఏ2 ఫారం నింపాలి, బ్రాంచిలో అది తెలిసిన గుమాస్తా దొరికితే మీ అదృష్టం.

హైదరాబాద్‌లో రెండేళ్ళు అకౌంట్స్ పని చేసి దాచుకున్నది సగానికి సరిపోయింది. మిగతా సగానికి నలభై మందికి ఉత్తరం రాయాల్సొచ్చింది. రాసింది నలభై మందికి, చించింది అంతకు రెట్టింపు. ‘పరిచర్యలో పాలివారు కండి’ అని ఎంత అందంగా రాసినా, మా నాన్న చదివి ‘అంటే చందా అడుగుతున్నావ్’ అన్నారు. నిజమే.

ఈ విషయంలో రెండు దారులున్నాయి. ఇంగ్లండులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ ఎవరినీ అడగకూడదు, దేవుణ్ణే అడగాలనేవాడు. ఆయన బావ ఆంథొనీ గ్రోవ్స్ వెంటబెట్టుకుని రాగా, 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు వచ్చి మన నరసాపురంలో పని మొదలుపెట్టారు. వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. గోదావరి డెల్టా మిషన్ అలా పుట్టింది. రెండో దారి నాది, సిగ్గు విడిచి ఉత్తరం రాయడం. ఏది గొప్పదని నన్నడక్కండి. వైవామ్‌లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు, మొదటి రకంవాళ్ళకి సాధారణంగా రెండో రకం స్నేహితులుంటారు.

ఒక పెద్దాయన టికెట్ డబ్బులు నావే అని సంఘమందరి ముందూ చెప్పి, తర్వాత ఫోన్ ఎత్తలేదు. మా వీధి చివర ఇడ్లీలు వేసే ఆమెకి నేను ఉత్తరం రాయనేలేదు. పిలిచి రెండు వేలు చేతిలో పెట్టింది. ‘ఫోటోలూ గీటోలూ పంపకు, నాకు ఆ ఫోన్ లేదు. వచ్చాక చెప్పు’ అంది.

ఒక జాగ్రత్త: విదేశాల్లో పరిచయమైనవాళ్ళు పరిచర్య కోసమని మీ ఖాతాకి డబ్బు పంపుతామంటే వెంటనే తలూపకండి. విదేశీ విరాళాల మీద ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం ఉంది. తెలిసిన ఆడిటర్‌ని అడిగాకే ఏదైనా.

వీసా కష్టమా?

ఓపిక ఉంటే కాదు. మూడు నెలలు దాటుతుంది కాబట్టి పోలీస్ క్లియరెన్స్, డాక్టరు రిపోర్టు, ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు, డబ్బుందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు అడిగారు. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్టు ఆఫీసు ద్వారానే అప్లై చేయాలి. విచారణకి వచ్చిన కానిస్టేబుల్‌గారు ‘పాస్టరమ్మ కాబోతున్నావా?’ అని అడిగి, మా అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళారు.

ఒక కన్సల్టెన్సీలో ‘ఇదంతా ఎందుకు, టూరిస్టు అని రాసేద్దాం’ అన్నారు. వద్దన్నాను. భక్తితో కాదు, భయంతో. మీరు కూడా వద్దనండి. దేవుని పనికని వెళ్తూ మొదటి కాయితమ్మీదే అబద్ధం రాస్తే, ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు మీ ముఖం మీ మాట వినదు.

మన దగ్గర్నుంచి కేప్‌టౌన్‌కి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా, అడిస్ అబాబా ఏదో ఒకచోట మారాలి. అడిస్ మీదుగా వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా సంగతి టికెట్ కొనకముందే కనుక్కోండి. జులైలో అక్కడ చలికాలం, పైగా వానలు. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నేను ఆరు కాటన్ చుడీదార్లు పెట్టుకుని దిగాను.

ఇంగ్లీషు రాకపోతే?

క్లాసు మొత్తం ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంవాళ్ళు భయపడక్కర్లేదు, కొరియా పిల్లలు నాకంటే ఇబ్బంది పడ్డారు, అయినా నెట్టుకొచ్చారు. అసలు కష్టం ప్రార్థనలో తెలుస్తుంది. ఇంగ్లీషులో నాకు ప్రార్థన రాదు. వాక్యాలు వస్తాయి, ప్రార్థన రాదు. మూడో వారంలో చిన్న గుంపులో కూర్చున్నప్పుడు తెలుగులో మొదలుపెట్టేశాను. ఎవరికీ ముక్క అర్థం కాలేదు. ఎవరూ ఆపమనలేదు.

తిండి?

సంకటి, బ్రెడ్డు, చికెన్, రూయిబోస్ అనే ఎర్ర టీ. అన్నం వారానికి రెండు మూడుసార్లు. అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి పంతొమ్మిది రోజులొచ్చింది. అందులో సగం స్వీడన్ కుర్రాడే తిన్నాడు.

ఒంటరి ఆడపిల్లని పంపొచ్చా? భద్రత ఎలా?

అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్నే. కేప్‌టౌన్‌లో దొంగతనాలు, దోపిడీలు నిజం, దాచి లాభం లేదు. మాకు కట్టుదిట్టమైన నియమాలుండేవి. ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు, చీకటి పడ్డాక నడవకూడదు, వీధిలో ఫోన్ తీయకూడదు. పగలు ఇద్దరం ముగ్గురం కలిసి మినీబస్ టాక్సీ ఎక్కేవాళ్ళం. అది అచ్చం మన షేర్ ఆటోనే. క్లీనర్ కుర్రాడు తలుపులోంచి వేలాడుతూ ‘వైన్‌బర్గ్ వైన్‌బర్గ్’ అని అరుస్తుంటే నాకు ఒంగోలు బస్టాండు బయట నిలబడ్డట్టుండేది.

కానీ భద్రత అంటే వీధే కాదు. ఏ శిక్షణకి పంపినా, ఏ దేశమైనా, ఇవి అడగండి: ఫిర్యాదు ఉంటే లీడర్‌కి కాకుండా ఇంకెవరికి చెప్పాలి? అమ్మాయిలతో ఏకాంతంగా మాట్లాడేది ఆడవాళ్ళేనా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? ‘దేవుడు నాకు నీ గురించి చెప్పాడు’ అని ఎవరైనా అంటే కాదనే స్వేచ్ఛ ఉందా? ఈ చివరిది ముఖ్యం. దేవుని స్వరం వినడం నేర్పే చోట, ఆ మాటని అడ్డం పెట్టుకుని పెత్తనం చేసే ప్రమాదమూ ఉంటుంది. జవాబు చెప్పడానికి నసిగితే పంపకండి, అది మన ఊళ్ళో కూటమైనా సరే.

ఔట్‌రీచ్‌లో ఏం చేశారు? ఎంతమంది రక్షణ పొందారు?

రెండో ప్రశ్నకి నా దగ్గర లెక్క లేదు. రాసి పంపమని ఒకరిద్దరు అడిగారు, పంపలేదు.

మొదటి నాలుగు వారాలు కేప్‌టౌన్‌లోనే, ఖాయెలిచా అనే టౌన్‌షిప్‌లో, బడయ్యాక పిల్లలకి హోంవర్కు చేయించే చోట సాయం. టౌన్‌షిప్ అంటే వర్ణవివక్ష రోజుల్లో నల్లవాళ్ళని ఊరికి దూరంగా నెట్టిన బస్తీ. ఖాయెలిచాని 1980లలో కట్టారు. ఇప్పుడు లక్షల మంది ఉంటారు, రేకుల ఇళ్ళు, ఇసుక, గాలి. మనకి ఊరి బయట పేటలు తెలుసు కదా. మా నాయనమ్మ పుట్టిన పేట నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆ మాట టీమ్‌లో చెబితే ఖోసా అమ్మాయి తప్ప ఎవరూ అందుకోలేదు.

అక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఆరేళ్ళ పాప ఒకత్తి లెక్కలు చేస్తూ నా ఒడిలో నిద్రపోయింది. వెంటనే ఫోన్ తీసి ఫోటో కొట్టాను. నలభై మందికి పంపాలి కదా, చందా ఇచ్చారు కదా. పిల్లని తీసుకెళ్ళడానికి వాళ్ళ మాఖులు వచ్చింది, మాఖులు అంటే అమ్మమ్మ. ఫోన్ చూసింది. కోప్పడలేదు. ‘ఎవరికి చూపిస్తావ్?’ అని అడిగింది. చెప్పాను. ‘వాళ్ళ పిల్లల ఫోటోలు నాకు చూపిస్తావా?’ అంది. ఏం చెప్పాలో తోచలేదు. నా ఫోన్లో మా అక్క కూతురి ఫోటో ఉంటే చూపించాను. చాలాసేపు చూసింది, పేరడిగింది, జడ ఎవరు వేశారని అడిగింది. తర్వాత నేను ఆ పాప ఫోటో చెరిపేశాను. మర్నాటి నుంచి మాఖులు నాకోసం ఒక కుర్చీ వేసి పెట్టేది.

పది వారాల పనితో ఎవరి జీవితమూ మారిపోదు. భాష రాదు, మనుషులు అర్థం కాకముందే తిరుగు ప్రయాణం. అక్కడ ఏళ్ళ తరబడి పని చేసేది అక్కడివాళ్ళే. ఔట్‌రీచ్ శిక్షణలో భాగమన్నది గుర్తుంటే మంచిది, నేర్చుకునేది మనం.

అక్కడ మన తెలుగువాళ్ళు ఉన్నారా?

ఉన్నారు, మనకంటే ముందు నుంచీ. ఔట్‌రీచ్ చివరి వారాలు మమ్మల్ని దర్బన్ వైపు పంపారు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకు తోటల కూలీలతో దర్బన్‌లో దిగింది. 1911 దాకా అలా లక్షన్నర మందిని తెచ్చారు. వాళ్ళలో తమిళులతో పాటు వేలాది తెలుగువాళ్ళు. ఇప్పుడు అక్కడ ఏ షాపు బోర్డు మీద చూసినా ‘నాయిడూ’ కనపడతారు. అది మన నాయుడే.

నాకు వెళ్ళేదాకా తెలియని సంగతి ఇది. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు కుటుంబంతో సహా దర్బన్ చేరుకున్నారు. పంపింది తెల్లవాళ్ళు కాదు, తెలుగు బాప్టిస్టులు పెట్టుకున్న సొంత మిషనరీ సొసైటీ. అదే ఏడాది చివర్లో కియర్స్నీ తేయాకు తోటల్లో తెలుగు సంఘం కట్టారు. 1915లో అక్కడే కన్నుమూశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున అమెరికా మిషనరీల ఆధ్వర్యంలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారని మాకు సండే స్కూల్లో నూరిపోశారు. మా ముత్తాత తండ్రి ఆ వరసలో ఉన్నాడని ఇంట్లో అంటారు, రుజువేమీ లేదు. ఆ తర్వాత పాతికేళ్ళకే మనవాళ్ళు తిరిగి సముద్రం దాటించి మనిషిని పంపారని మాత్రం ఎవరూ చెప్పలేదు. తీసుకునేవాళ్ళ కథ చెప్పారు, ఇచ్చినవాళ్ళ కథ వదిలేశారు.

దర్బన్ దగ్గర ఒక ప్రార్థన కూడికలో ఎనభై ఏళ్ళ ముసలమ్మ పక్కన కూర్చున్నాను. తెలుగు మాట్లాడలేదు. నాది ఆంధ్ర అనగానే నా చెయ్యి పట్టుకుని ఒక పాత కీర్తన పల్లవి అందుకుంది. మాటలు కొన్ని అరిగిపోయాయి, రాగం చెక్కుచెదరలేదు. ‘దీని అర్థమేంటి? మా అమ్మ పాడేది’ అని ఇంగ్లీషులో అడిగింది. ఆ మధ్యాహ్నమంతా ఒక్కో చరణానికీ అర్థం చెప్తూ కూర్చున్నాను. పన్నెండు వారాలు నేర్చుకున్న దానితో దానికి ఏ సంబంధమూ లేదు. అక్కడికి వెళ్ళాక నేను పనికొచ్చిన పని మాత్రం అదే అనిపించింది.

ఇక్కడే బోలెడు పనుంటే విదేశానికెందుకు?

ఇక్కడే చేయొచ్చు. మన దేశంలోనూ డీటీఎస్‌లున్నాయి, ఖర్చు బాగా తక్కువ. తిరునల్వేలి తమిళుడు అజరయ్యగారు మన దోర్నకల్‌కి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరో మహాసభలో మిషనరీలందరి ముందూ నిలబడి, మీరు చాలా ఇచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. తెల్ల మిషనరీలు భారతీయులతో కలిసి కూర్చుని తినడం కూడా అరుదుగా ఉన్న రోజులవి.

నేను బయటికి వెళ్ళినందుకు ఒకటే కారణం చెప్పగలను. ఇక్కడ నేను ఫలానావారి అమ్మాయిని. అక్కడ ఎవరినీ కాను.

మతం మార్చడానికే కదా ఈ ట్రైనింగంతా?

ఇది నా ఆఫీసు స్నేహితురాలి ప్రశ్న. మొహమ్మీదే అడిగినందుకు థాంక్స్. సువార్త చెప్పడం నేర్పిస్తారు, కాదనను. నేను నమ్మినది చెప్పాలని నాకుంది. డబ్బో భయమో చూపించి చెప్పేది సువార్త కాదని కూడా అక్కడే చెప్పారు. మనిద్దరం రెండేళ్ళు ఒకే డబ్బాలో అన్నం తిన్నాం. నేను నిన్ను మార్చడానికి తిన్నానో లేదో నీకే తెలియాలి. మీ ఇంటి వినాయక చవితి ఉండ్రాళ్ళు ఈసారి ఎక్కువ పెట్టు.

నాకు పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నన్నడుగుతావేంటి తమ్ముడూ. నాకు ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. మూడేళ్ళు అదే ఆలోచన పోలేదు, అంతే. నీకు ఉద్యోగం దొరక్క వెళ్దామనుకుంటే మాత్రం ముందు ఉద్యోగం వెతుక్కో. విదేశంలో సెటిలవ్వడానికి ఇది దొడ్డిదారి అనుకుంటే అసలే వద్దు, దారి లేదు.

పెళ్ళెప్పుడు?

ఇది డీటీఎస్‌కి సంబంధించిన ప్రశ్న కాదు. అయినా అన్నిటికంటే ఎక్కువమంది అడిగింది ఇదే కాబట్టి లిస్టులో ఉంచాను.

తిరిగొచ్చాక ఎలా ఉంది?

వెళ్ళడం కన్నా రావడం కష్టం. రెండో ఆదివారమే సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. నాకు వేదిక మీద కుర్చీ వేశారు, శాలువా కప్పారు. ప్రేమవిందు అయ్యాక గిన్నెలు తోమడానికి వెళ్తే స్త్రీల సమాజం ఆంటీలు ‘నువ్వెందుకమ్మా, ఫారిన్‌లో ట్రైనింగ్ అయి వచ్చినదానివి’ అని బయటికి పంపేశారు. ఇప్పుడు వాళ్ళు రాకముందే వెళ్ళి గిన్నెలు నానబెట్టేస్తున్నాను. సోడా వేసి.

ఇడ్లీల ఆమెకి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, ‘అక్కడ ఇడ్లీ దొరికిందా?’ అంది. దర్బన్‌లో దొరికిందని చెప్తే ‘ఎట్టా ఉంది?’ అంది. గట్టిగా ఉందంటే సంతోషపడింది.

ఉద్యోగంలో మళ్ళీ చేరాను. ఆదివారాలు మా పేటలో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. ఖోసా కొంచెం కొంచెంగా నేర్చుకుంటున్నాను, నా గది స్నేహితురాలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. ఆ భాషలో వచ్చే నాలుక చప్పుళ్ళు ఇంకా సరిగా పడటం లేదు.

మా అమ్మాయిని పంపాలనుకుంటున్నాం, నీతో మాట్లాడొచ్చా?

తప్పకుండా. ఆదివారం ఆరాధన అయ్యాక దొరుకుతాను. అయితే ముందు మా అమ్మతో మాట్లాడండి. నన్నడిగితే బాగా జరిగినవే ఎక్కువ చెప్తాను. ఫోన్ పెట్టేశాక నేను ఏ రోజు ఏడ్చానో మా అమ్మ డైరీలో రాసి పెట్టుకుంది.